కొత్త తలుపు ఇల్లు

కూతురి ఆచూకీ అల్లుడికి అందించింది ప్రార్థనామందిరం వాళ్లే. ఆరేళ్ల కిందట భార్యను చంపిందీ వాళ్లే. ఈ రెండు సంగతుల్లోనూ వడ్రంగికి రెండో ఆలోచన లేదు.

భార్య సంగతి ఎప్పుడో తేలిపోయింది. కడుపులో గడ్డ పెరుగుతుంటే మందిరం ఆడవాళ్లు మంచం చుట్టూ చేరి నలభై రోజులు ప్రార్థన చేశారు. నలభై ఒకటో రోజు ఆస్పత్రికి తీసుకెళ్తే, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారని డాక్టరు అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు వడ్రంగి దగ్గర ఉంది. వినేవాళ్లే లేరు.

కూతురి సంగతి ఇవాళ మధ్యాహ్నం తేలింది. "తలుపు పై గడియ వదులైంది, వచ్చి బిగించండి" అని కూతురు తలదాచుకున్న ఇంటి పెద్దక్క కబురు పెట్టింది. ఆ గడియ వదులయ్యే రకం కాదు. బిగించింది అతనే. అయినా ఉలి, సుత్తి సంచిలో వేసుకుని బయల్దేరాడు.

ఆ ఇల్లు మందిరం వాళ్లు నడిపేది. మొగుళ్ల చేతుల్లోంచి ప్రాణాలతో బయటపడ్డ ఆడవాళ్లని దాచే ఇల్లు. బోర్డు ఉండదు. కిటికీలు ఎప్పుడూ సగమే తెరిచి ఉంటాయి. చిరునామా మందిరంలో నలుగురు పెద్దలకి తెలుసు, లోపల ఉన్నవాళ్లకి తెలుసు, తలుపు చేసిన పాపానికి వడ్రంగికి తెలుసు. రెండు నెలల కిందట కూతురు బిడ్డను చంకనేసుకుని అక్కడికే చేరింది. తండ్రి ఇంటికి రాలేదు.

వీధి మలుపు తిరగ్గానే అల్లుడు కనిపించాడు.

ఎదురుగా మందుల షాపు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా. కాలు మీద కాలు. తాగి లేడు, కేకలు వేయడం లేదు. ఒక ముసలామె చేతిలోంచి మందుల పొట్లం జారిపడితే లేచి అందించి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. చూపు మాత్రం ఎదుటి తలుపు మీదే ఉంది.

"నమస్కారం మావయ్యా. పనికొచ్చారా?"

వడ్రంగి సంచి భుజం మార్చుకుని నడుస్తూనే ఉన్నాడు.

"తలుపు మీ చేతిదే కదూ? చూడగానే అనుకున్నాను. రెండంగుళాల చెక్క ఉంటుందా?"

"నీకెందుకు?"

"మంచి పని కనిపిస్తే మెచ్చుకోవాలి కదా." నవ్వాడు. "పాపకి జ్వరం తగ్గిందా?"

వడ్రంగి అడుగు ఆగిపోయింది. జ్వరం సంగతి కూతురు ఫోనులో తనకొక్కడికే చెప్పింది. మిగిలింది లోపలివాళ్లు, వాళ్లని చూసుకునే మందిరం వాళ్లు. ఇంకేం కావాలి సాక్ష్యం? అనుకున్నాడు. మొహం తిప్పుకుని, చుట్టూ తిరిగి వెనక సందులోకి వెళ్లాడు.

వెనక తలుపు వంటామె తీసింది.

"రా బాబాయ్. మీ అల్లుడికి మర్యాదలు బాగానే అందుతున్నాయి. కుర్చీ షాపువాడిచ్చాడు. సాయంత్రానికి మంచం కూడా వేస్తాడు."

"పోలీసులకి చెప్పలేదా?"

"ఎందుకు చెప్పలేదూ? ఇద్దరొచ్చారు. వీధి అందరిదీ, కుర్చీలో కూర్చుంటే ఏ నేరం కింద పట్టుకెళ్లమంటారు అన్నారు. మనోడు వాళ్లకి సోడాలు తాగించి సాగనంపాడు."

ఆమె నవ్వింది. నవ్వితే ఎడమ దవడ కదలదు. అది ఎవరి చేతి పనో ఆ ఇంట్లో ఎవరూ అడగరు.

హాల్లో తొమ్మిదిమంది ఆడవాళ్లున్నారు. పిల్లల్ని లోపలి గదిలోకి పంపేశారు. కూతురు గోడ వారగా బట్టల మూట పక్కన కూర్చుని ఉంది. నాలుగేళ్ల పాప ఆమె ఒళ్లో పడుకుని ఉంది. మిగతావాళ్లకీ ఆమెకీ మధ్య ఒక చాప పరిచేంత ఖాళీ. ఆ ఖాళీలోకి ఎవరూ రావడం లేదు.

"మూట ఎందుకు?" అన్నాడు వడ్రంగి.

కూతురు తలెత్తలేదు. టీచరమ్మ చెప్పింది. ఒకప్పుడు బళ్లో పాఠాలు చెప్పిన మనిషి. కళ్లజోడుకి ఒక పక్క దారం కట్టి ఉంది.

"నియమం మీకు తెలుసు కదండీ."

తెలుసు. రెండేళ్ల కిందట ఇక్కడున్న ఒకావిడ తన తమ్ముడికి చిరునామా చెప్పింది. తమ్ముడు బావకి చెప్పాడు. బావ గొడ్డలి తెచ్చాడు. పాత తలుపు పోయి కొత్త తలుపు వచ్చింది అప్పుడే. నియమం వచ్చిందీ అప్పుడే. ఇంటి ఆచూకీ ఎవరి వల్ల బయటపడితే వాళ్లు పొద్దు గూకేలోగా ఇల్లు వదలాలి. తర్వాత ఇల్లు ఎక్కడికి మారినా వాళ్లకి ఆ చోటు తెలియనివ్వరు. తెలిసి చేసినా ఒకటే, తెలియక చేసినా ఒకటే.

"మా అమ్మాయి చెప్పిందని ఎవరన్నారు?"

"పోయిన వారం ఆమె పరుపు కింద దాచిన ఫోను దొరికింది. ఇవాళ ఆమె మొగుడొచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఇంకెవరు అనాలండీ? నా మీద మీ అమ్మాయికి పగ లేదు, నాకూ లేదు. నాకు ఇద్దరు పిల్లలున్నారు. నా మొగుడు కుర్చీలో కూర్చునే రకం కాదు."

కూతురు మెల్లగా అంది. "నేను ఫోను చేసింది మా నాన్నకి. రెండుసార్లు. పాపకి ఒళ్లు కాలిపోతోందని చెప్పాను. ఎక్కడున్నానో చెప్పలేదు. చెప్పక్కర్లేదు, ఆయనకి తెలుసు."

మిగతావాళ్ల కళ్లన్నీ వడ్రంగి మీదికి మళ్లాయి.

"నన్ను చూస్తారేం?" అన్నాడు. "ఇందాక వీధిలో తప్ప వాడితో మాట్లాడి నాలుగు నెలలైంది. మీ మందిరంలో నోళ్లకి గడియలున్నాయా? ఎవరింట్లో ఎవరికి ఏ రోగమో, ఎవరి కోడలు ఎందుకు ఏడుస్తోందో అన్నీ వాళ్లకే కావాలి. అయ్యో పాపం అంటూనే నాలుగు వీధులు టముకు వేస్తారు. నా పెళ్లాం మంచం దగ్గర చూశాను మీ సంగతి."

పెద్దక్క హాలు చివర నిలబడి వింటోంది. ఆ ఇంటి మంచీ చెడూ చూసేది ఆమే. భార్యకి స్నేహితురాలు. ఒకప్పుడు వడ్రంగి ఆమెని చెల్లమ్మా అని పిలిచేవాడు. ఆరేళ్లుగా ఏ పేరూ పెట్టి పిలవడం లేదు. ఆమె మాత్రం అన్నయ్యా అనడం మానలేదు.

"లే అమ్మా" అన్నాడు కూతురితో. "పోదాం పద."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి? ఇంటికి."

కూతురు మొదటిసారి తలెత్తింది.

"మూడుసార్లు వచ్చాను నాన్నా ఆ ఇంటికి. మొదటిసారి వస్తే, ఒక చోట ఉన్న గిన్నెలు తగలకుండా ఉంటాయా అన్నావు. రెండోసారి చెయ్యి విరిగి వచ్చాను. కట్టు కట్టించి, నీ చేత్తోనే బస్సెక్కించావు. కిటికీలోంచి సర్దుకుపొమ్మన్నావు. మూడోసారి గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడావు. నాలుగోసారికి నాకు వేరే గుమ్మం తెలిసింది."

"మీ అమ్మ ఉండుంటే..."

"అమ్మ మాట ఎత్తకు."

"ఎందుకెత్తకూడదు? మీ అమ్మని చంపినవాళ్ల పంచనే చేరావు. వాళ్లు నిన్నూ ముంచారు."

"అమ్మ చచ్చిపోయింది నాన్నా. చచ్చిపోయింది, అంతే. నీకు మాత్రం చంపినవాళ్లు కావాలి. ప్రతిదానికీ ఒకళ్లు దొరకాలి నీకు."

వంటామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పాప కదిలి, మూలిగి, మళ్లీ కళ్లు మూసుకుంది. వీధిలోంచి అల్లుడి నవ్వు వినిపించింది. షాపువాడితో ఏదో జోకు.

"అన్నయ్యా" అంది పెద్దక్క. "గడియ చూద్దురుగాని, ఇలా రండి."

ఆమె తీసుకెళ్లింది ముందు తలుపు దగ్గరికి కాదు. సామాన్ల గదిలోకి. ఎవరెవరో ఇచ్చిన పాత బట్టలు మూటలు కట్టి గోడ నిండా పేర్చి ఉన్నాయి. కలరా ఉండల వాసన. తలుపు దగ్గరగా వేసి, ప్రార్థన పుస్తకంలోంచి ఒక ముక్క తీసి అతని చేతిలో పెట్టింది.

గరుకు కాగితం ముక్క. చెక్క నున్నగా రుద్దే రకం. వెనక వైపు లావు పెన్సిలు రాత.

ఆ రాత చదవక్కర్లేకపోయింది. అయినా చదివాడు.

"పాత నీళ్ల ట్యాంకు దాటాక రెండో సందు. కొత్త తలుపు ఇల్లు. అందులో ఉన్న మా అమ్మాయి బిడ్డకి జ్వరం తగ్గాలి."

దాని కింద ఇంకో వరుస.

"మా అమ్మాయి నన్ను క్షమించి నా ఇంటికి రావాలి."

పోయిన వారం ఒక మధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు మందిరంలోకి వెళ్లి ఆ ముక్కని ప్రార్థన చీటీల పెట్టెలో వేసి వచ్చాడు. ఆరేళ్ల తర్వాత మొదటిసారి. ఆ సంగతి తనకి తనే చెప్పుకోలేదు. బయటికొచ్చి, మేకులు కొనడానికి వెళ్లినవాడిలాగా ఇంటికి వెళ్లిపోయాడు.

"ఇది నీ చేతికెలా వచ్చింది? చీటీలు చదవరు కదా. పెట్టెతో సహా ముందు పెట్టి, ప్రార్థన అయ్యాక మంటలో వేస్తారు. మా ఆవిడ ఉన్నప్పుడు..."

"వదిన ఉన్నప్పుడు అంతే. నాలుగేళ్లుగా పైకి చదువుతున్నారు. ఒక్కడి కష్టానికి అందరూ ప్రార్థించాలని. చదివాక చీటీలు ఈ ఇంటికి పంపుతారు. మా వాళ్లు తలా ఒకటి తీసుకుని వారమంతా ప్రార్థిస్తారు. ఇవాళ పొద్దున్న పంచుతుంటే ఇది నా చేతికొచ్చింది."

"పైకి చదివారా?"

"మైకులో."

వడ్రంగి బట్టల మూట మీద కూర్చుండిపోయాడు.

"చదివిన కుర్రాడు కొత్తవాడు. పెద్దలెవరూ ముందుగా చూడలేదు. ఆ తప్పు మాదే, కాదనను" అంది పెద్దక్క. "మూడో వరుసలో మీ అల్లుడి మేనత్త కూర్చుని ఉందట. ప్రార్థన అవ్వకుండానే లేచి వెళ్లిపోయిందట. కానీ అన్నయ్యా, దారి కూడా ఎందుకు రాశారు?"

అతను చీటీని మోకాలి మీద పరిచి చెప్పాడు.

"ఎవరి కోసమో, ఎక్కడున్నారో తెలిసేలా రాయాలనేది మా ఆవిడ. లేకపోతే ప్రార్థన పక్కింటికి పోతుందని. ఇంటి గుర్తు రాయని సరుకు ఎక్కడికి చేరుతుందో నాకు తెలుసు. అందుకని రాశాను."

పెద్దక్క నవ్వలేదు. ఏడవలేదు కూడా.

"నాకు పొద్దున్నే తెలుసు. నేనే చెప్పేయొచ్చు. కానీ మందిరం గడప తొక్కనని ఒట్టేసుకున్న మనిషి చీటీ రాశాడంటే మీ అమ్మాయి నమ్ముతుందా? నన్ను నేను కాపాడుకోవడానికి చెప్పాననుకుంటుంది. మీ నోటితో చెబుతారని కబురు పెట్టాను. గడియ బాగానే ఉంది."

"మొదటే ఎందుకు చెప్పలేదు? దాన్ని మూట కట్టుకుని అక్కడ కూర్చోబెట్టి..."

"మీరొస్తారని చూశాను. వచ్చీ రాగానే మమ్మల్ని తిట్టారు."

అతను సంచి ఒళ్లోకి లాక్కున్నాడు.

"నాలుగింటికి మందిరం వ్యాను వెనక సందులోకి వస్తుంది. అందర్నీ వేరే చోటికి మారుస్తున్నాం. మీ అమ్మాయి అందులో ఎక్కాలో, ఆ వీధిలోకి దిగాలో ఇప్పుడు తేలాలి. వెళ్లి చెప్పండి. చీటీ చూపించండి. మీరు చెప్పకపోతే నేను చెబుతాను, కానీ మీ నోట వినడం వేరు."

"నేను చెబితే?"

"నియమం మీకు వర్తిస్తుంది. మేం ఎక్కడికి వెళ్తున్నామో మీకు ఎప్పటికీ తెలియదు."

ఆమె తలుపు తీసుకుని వెళ్లిపోయింది.

వడ్రంగి ఒక్కడే ఉండిపోయాడు. కాగితం రెండుసార్లు మడిచాడు, విప్పాడు. గరుకు కాగితం చేత్తో చింపితే వంకరగా పోతుంది. సంచిలోంచి ఉలి తీశాడు. మొదటి వరుసలకీ చివరి వరుసకీ మధ్య అంచు ఆనించి, ఒక్క నొక్కు నొక్కాడు. కింది ముక్కని నోట్లో వేసుకుని నమిలినా అరగదు. జేబులో వేసుకున్నాడు.

హాల్లోకొచ్చి నిలబడ్డాడు. ఉపోద్ఘాతం చెప్పలేదు.

"ఆచూకీ బయటపెట్టింది మా అమ్మాయి కాదు. నేను."

"ఎవరికి చెప్పావు బాబాయ్?" అంది వంటామె.

ఆ ప్రశ్నకి సమాధానం ఒక్క మాటే. దేవుడికి. అది అతని నోట్లోంచి రాలేదు. చీటీ టీచరమ్మకి ఇచ్చాడు. ఆమె కళ్లజోడు సర్దుకుని చదివింది. చదువుతున్నకొద్దీ ఆమె గొంతు తగ్గిపోయింది. చదివి, లేచి, మధ్యలో ఉన్న ఖాళీ దాటి వెళ్లి చీటీ కూతురి చేతిలో పెట్టింది.

"నన్ను మన్నించమ్మా" అంది. మూట తీసి వ్యాను కోసం సర్దిన సామాను దగ్గర పెట్టింది.

కూతురు చీటీ వంక చూస్తూ ఉంది. తండ్రి వంక చూడలేదు.

"అమ్మ పోయిన రోజు నేను ప్రార్థన చేసుకుంటానంటే, పుస్తకం లాక్కుని చెక్కపొట్టు పొయ్యిలో పడేశావు" అంది.

"అవును."

"మరి ఇదేంటి?"

"రాశాను. అంతే."

"నీ వల్ల ఇంతమంది ఇల్లు వదిలి పోతున్నారు నాన్నా."

"అవును."

గోడ మీది గడియారం మూడుంపావు చూపిస్తోంది. ఆడవాళ్లు లేచి పరుపులు చుట్టడం మొదలుపెట్టారు. ఎవరూ అతన్ని తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. వంటామె ముందు తలుపు చిల్లులోంచి వీధిలోకి చూసి, వెనక్కి తిరిగి పెద్దక్క చెవిలో ఏదో చెప్పింది. పెద్దక్క ముఖం మారింది.

"షాపు దగ్గర లేడు" అంది అందరికీ వినపడేలా. "ఎవరూ మాట్లాడకండి."

అప్పుడే వెనక తలుపు మీద చప్పుడైంది.

వ్యాను వాళ్ల గుర్తు మూడు దెబ్బలు, ఆగి ఒకటి. ఇది అది కాదు. తలుపు పైభాగంలో మెల్లగా ఒక తట్టు. కాసేపాగి నడుం ఎత్తులో ఒకటి. తర్వాత బాగా కింద ఒకటి. ఆ తట్టు వడ్రంగికి తెలుసు. చెక్క ఎక్కడ పలచగా ఉందో చూసేవాడు అలా తడతాడు. ముందు తలుపు రెండంగుళాలు. వెనక తలుపు పాతదే. దానికి కొత్తది చేస్తానని రెండేళ్లుగా అంటూనే ఉన్నాడు.

నాలుగంగల్లో వెళ్లి తలుపుకి వీపు ఆనించి, కాళ్లు నేలకి తన్నిపెట్టి నిలబడ్డాడు. చెక్కలోంచి అవతలి మనిషి ఊపిరి తగులుతున్నట్టుంది.

కూతురు పాపని టీచరమ్మకి అందించి, చప్పుడు చెయ్యకుండా అతని ఎదురుగా వచ్చి నిలబడింది. ఇంత దగ్గరగా ఆమె ముఖం చూసి ఏడాదైంది. కనుబొమ కింద కొత్త మచ్చ ఉంది. అది అతనికి తెలియని మచ్చ.

ఆమె చీటీ ఎత్తి పట్టుకుంది. కింది అంచు మీద వేలు పెట్టింది. మూడు అంచులు మాసి ఉన్నాయి. నాలుగోది తెల్లగా, ఉలితో కోసినట్టు తిన్నగా ఉంది.

"ఇక్కడ ఇంకేదో ఉంది" అంది గుసగుసగా. "ఇప్పుడే కోశావు. ఏం రాశావు నాన్నా?"

వీపు వెనక చెక్క కిర్రుమంది.

"వ్యాను ఎక్కితే మళ్లీ నువ్వు నాకు కనపడవు. నియమం. ఇప్పుడు చెప్పు. ఏదైనా సరే, చెప్పు."

జేబులో ముక్క తొడకి గరుగ్గా గుచ్చుకుంటోంది. ఒక్క వరుస. చదివి వినిపించడానికి ఒక్క ఊపిరి చాలు. ఆమె ఎదురుచూస్తోంది. అతను వీపుని తలుపుకి ఇంకా గట్టిగా అదిమాడు.

"ఏమీ లేదు" అన్నాడు.

"ఉంది."

"ఉంటే ఉంది. దాని సంగతి నన్ను అడక్కు. ఇవాళ చెప్పను, రేపు చెప్పను, చచ్చేదాకా చెప్పను. పో, పిల్లనెత్తుకో."